పిడికెడు బియ్యంతో మొదలైన లెక్క



గత కోతకాల పండుగ నాటి సంగతితో ఈ వారం సంపాదకీయం మొదలుపెడుతున్నాను. సింహాద్రిపురం దగ్గరి ఒక పల్లె సంఘంలో ఆరాధన ముగిశాక, కానుకలిచ్చిన కుటుంబాల పేర్లు, ఎవరెంత ఇచ్చారో ఆ మొత్తాలు నేనే మైకులో చదివాను. ఏళ్లుగా అలాగే చదువుతున్నాను గనుక అందులో తప్పేమీ తోచలేదు. మరుసటి ఆదివారం నుంచి ఒక తల్లి గుడికి రావడం మానేసింది. మూడు వారాలు చూసి వాళ్లింటికి వెళ్లాను. భర్త బేల్దారి పనికి పోతాడు. ఆమె చీనీ తోటల్లో కాయల కోతకు, శనక్కాయల కాలంలో కాయలు ఒలిచే పనికి పోతుంది. ఆమె నన్ను ఏమీ నిష్ఠూరమాడలేదు. లోపలికి వెళ్లి, పిల్లవాడి పాత నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. వెనక పేజీల్లో ఆ ఇంటి లెక్క ఉంది.

ఇద్దరి కూలీ కలిపి ఆ నెల ఇంటికి వచ్చింది 16,500 రూపాయలు. వారం కిస్తు 1,150 చొప్పున నాలుగు వారాలకు 4,600. నెల కిస్తు ఇంకొకటి 2,200. కూతురి పెళ్లికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 60,000 మీద వడ్డీ 1,200. అంటే 8,000 రూపాయలు అప్పులకే పోయాయి. మిగిలిన 8,500తో తిండి, గ్యాసు, కరెంటు, మందులు, పిల్లల చదువు జరగాలి. ఖర్చు 9,200 దాకా వచ్చింది. తక్కువ పడిన 700 అంగడిలో అప్పు. గీత గీసి, దాని కింద ఆమె కానుక అని రాసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేసింది. ఒక్కటే అడిగింది. కానుక అన్న పద్దు గీతకు పైన రాయాలా, కింద రాయాలా? కింద రాస్తే ఏ నెలా ఏమీ మిగలదు. పైన రాస్తే పిల్లల నోటి దగ్గరిది తీసినట్టవుతుంది.

ముప్పై ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్న నాకు ఆ పూట జవాబు దొరకలేదు. ప్రార్థన చేసి వచ్చేశాను. దారిలో నాకు గుర్తొచ్చినవారు బిషప్ అజరయ్య గారు. ఈ ప్రశ్ననే వేలాది కూలీ కుటుంబాల ఎదుట నిలబడి ముప్పై ఏళ్లకు పైగా ఎదుర్కొన్న దైవసేవకుడాయన. మన తెలుగు సంఘాల్లో ఆయన పేరున బడులున్నాయి, ఫొటోలున్నాయి. ఆయన జీవితం మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు. అందుకే ఈ వారం ఆ కథ చెబుతాను.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ పల్లె గురువు. తల్లి ఎల్లెన్. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఎన్నో ప్రార్థనల తర్వాత కలిగిన కొడుకు గనుక, హన్నా కుమారుణ్ణి తలచుకొని శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. పల్లె గురువు ఇల్లు ఎలా ఉంటుందో మన సంఘాలకు చెప్పనక్కరలేదు. చిన్న వయసులోనే తండ్రి కన్నుమూశాడు. తల్లి క్రమశిక్షణ గల మనిషి. పనిలోనూ ప్రార్థనలోనూ కొడుకుకు ఏమాత్రం సడలింపు ఇచ్చేది కాదు. ఏ పనైనా వేళకు చేయడం, ఏ కాసైనా లెక్కలోకి తేవడం వంటి అలవాట్లు ఇలాంటి ఇళ్లలోనే పడతాయి.

మిషను బడుల్లో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లారు. చదువు చివరికొచ్చాక జబ్బు పడడంతో పట్టా చేతికి రాలేదు. తరువాతి రోజుల్లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది గాని, ఇరవై ఏళ్ల వయసులో ఆయన పట్టా లేని యువకుడు. 1895లో యువజన క్రైస్తవ సంఘం, అంటే వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరారు. దక్షిణదేశమంతా తిరుగుతూ యువకుల మధ్య పద్నాలుగేళ్లు పనిచేశారు.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ కాలంలో కళాశాల చదువు చదివిన దక్షిణాది క్రైస్తవ స్త్రీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారిలో ఆమె ఒకరు. వరుడు చదువుకున్నవాడు, ఉద్యోగస్తుడు. కట్నం అడిగితే ఇచ్చే రోజులవి. అజరయ్య గారు కట్నం పుచ్చుకోలేదు. ఆడంబరం లేకుండా పెళ్లి జరిగింది. సింహాద్రిపురం తల్లి పుస్తకంలో 60,000 అప్పు పెళ్లి పద్దు కింద ఉందని మీరు గమనించే ఉంటారు. మన ఇళ్లలో చాలా లెక్కలు పెళ్లి పందిట్లోనే తప్పుతాయి. ఆ తరువాత ఇరవై ఏళ్లు ఆ తప్పును సరిదిద్దుతూ కూర్చుంటాం. అజరయ్య దంపతులు తమ కాపురాన్ని అప్పు లేకుండా, ఎవరి ఇంటినీ అప్పుపాలు చేయకుండా మొదలుపెట్టారు. వారికి ఆరుగురు పిల్లలు పుట్టారు. ఆరుగురు పిల్లలున్న సేవకుని ఇంట్లో పొదుపు అనేది ప్రసంగాంశం కాదు. ప్రతి పూటా పొయ్యి దగ్గర తేలవలసిన సంగతి.

1902లో ఆయన సింహళంలోని యాళ్‌పాణం, అంటే జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను ఇతర ప్రాంతాలకు పంపుతున్నారు. ఇది ఆయన మనసును గుచ్చింది. తిరునెల్వేలి సంఘం ఎంతో పెద్దది, ఎంతో పాతది. అయినా అన్యదేశపు కానుకలు అందుకోవడమే గాని, తానై ఒక సేవకుణ్ణి పొరుగు ప్రాంతానికి పంపి పోషించినది కాదు. తిరిగొచ్చాక ఊరుకోలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1905 క్రిస్మస్ నాడు బెంగాలులోని సేరంపూరులో జాతీయ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు అందులోనూ ఆయన ముందు వరుసలో ఉన్నారు. ఈ రెండింటికీ ఒకే నియమం. మనుషులు మన దేశస్తులు, డబ్బు మన దేశస్తులది, నడిపించేది మన దేశస్తులు. ఆ డబ్బు ఎక్కడిది? జమీందారులు ఇచ్చింది కాదు. పల్లె సంఘాల్లో తాటిచెట్లెక్కే కుటుంబాలు, చిన్న అంగళ్లవారు, బడి పంతుళ్లు కూడబెట్టి ఇచ్చింది.

ఆ సొసైటీ ఎంచుకున్న పొలం మన తెలుగు నేల. నిజాం రాజ్యంలో వరంగల్లు వైపున్న డోర్నకల్. తిరునెల్వేలి సేవకులు అక్కడ పని మొదలుపెట్టారు. కొన్నాళ్లకు అజరయ్య గారికి ఒక సంగతి తోచింది. ఇతరులను వెళ్లమని చెబుతూ తాను మద్రాసులో ఉండడం ఎలా? 1909లో పెద్ద పట్టణాల్లో పేరున్న ఆ ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, డోర్నకల్ చేరారు. ముప్పై ఐదేళ్ల వయసు. భాష రాదు. మొదట్లో నివాసం గుడారమే. తమిళుడైన ఆయన పసిపిల్లవాడిలా కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. చివరికి మన భాషలోనే ప్రసంగించి, మన పల్లెల్లోనే బతికి, మన మట్టిలోనే కలిసిపోయారు.

ఆ పల్లెల్లో ఆయన చూసినదేమిటి? ప్రభువు దగ్గరికి వస్తున్నవారిలో ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాలవారు. సొంత భూమి లేదు. కూలీ రొక్కంగా కాదు, గింజలుగా వచ్చేది. పనులున్న నెలల్లో కడుపు నిండేది. పనుల్లేని నెలల్లో ఆసామి దగ్గర అప్పు. ఆ అప్పుకు తండ్రి పని, తండ్రి తరువాత కొడుకు పని. చేతికొచ్చిన కొద్దిపాటిలో ఒక పాలు కల్లుకు, సారాకు పోయేది. చావుకు ఖర్చు, పెళ్లికి ఖర్చు, జాతరకు ఖర్చు. అక్షరం రాని ఇంట్లో అప్పు ఎంతో, వడ్డీ ఎంతో చెప్పేది అప్పిచ్చినవాడే. ఆదాయం తక్కువ కావడం ఒక బాధ. తన లెక్క తన చేతిలో లేకపోవడం అంతకన్నా పెద్ద బాధ.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడికి వెళ్లిన కొద్దిమంది భారతీయుల్లో ఈయన ఒకరు. వందలాది పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, వారి త్యాగానికి వందనాలు చెబుతూనే, తమకు అన్నిటికన్నా కావలసింది సమానులుగా చూసే స్నేహమని నిర్మొహమాటంగా చెప్పారు. కొందరికి ఆ మాట రుచించలేదు. ఇంటి లెక్కల గురించి మాట్లాడుతూ ఎడింబరో ఎందుకు అంటారేమో. అక్కడ ఆయన చెప్పినదానికీ, డోర్నకల్ పల్లెల్లో ఆయన చేసినదానికీ ఒకటే వేరు. ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యి, ఇచ్చే చేతితో సమానంగా నిలబడలేదు. దొరల ఎదుట ఆయన కోరిన గౌరవాన్నే, కూలీవాని ఇంటికీ తేవాలనుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి దీన్ని సాధించారు. భారతీయుని కింద పనిచేయడం ఎలా అని మిషనరీల్లో కొందరు అడ్డుచెప్పారు. మనవాళ్లలోనూ కొందరు పెదవి విరిచారు. ఆయన వాదనకు దిగలేదు. ఎద్దులబండి కట్టించుకొని పల్లెలకు బయలుదేరారు. మొదట్లో చిన్నదిగా ఉన్న ఆ అధ్యక్ష మండలం తరువాత పెరిగి, కృష్ణా తీరం నుంచి మన రాయలసీమలోని నంద్యాల, ముత్యాలపాడు, కడప జిల్లా కలసపాడు దాకా వ్యాపించింది. మన జమ్మలమడుగు, సింహాద్రిపురం వైపు పల్లెలు లండన్ మిషను పొలం గనుక ఆయన పాలనలోకి రాలేదు. అయినా ఆయన నేర్పిన అలవాటు ఆ ఎల్ల దగ్గర ఆగలేదు.

ఆ అలవాటే పిడికెడు బియ్యం.

సంగతి చాలా చిన్నది. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యమో జొన్నలో కొలిచినప్పుడు, ఎసట్లో పోయకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ప్రతి వంటకూ అంతే. ఆదివారం ఆ కుండను గుడికి తెస్తారు. రొక్కం లేనివారు గుడ్లు తెచ్చారు, కోడిపిల్లలు తెచ్చారు, గుమ్మడికాయలు తెచ్చారు. పంట వచ్చినప్పుడు కోతకాల పండుగలో గింజలు తెచ్చారు. ఇది బిషప్పు గారు కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. ఇంకా అనేక చోట్ల ఉన్నదే. కాని కానుకను విశ్వాస జీవితానికి నడిమధ్యలో నిలబెట్టి, బాప్తిస్మానికి సిద్ధపడేవారి దగ్గర నుంచి గురువుల దాకా అందరికీ ఓపికగా నేర్పింది ఆయన. ఈ విషయం మీద పుస్తకం కూడా రాశారు. కానుక అప్పుడప్పుడు పుట్టే జాలి కాదని, క్రమంగా, తమ ఆదాయానికి తగిన పాలులో ఇవ్వవలసినదని ఆయన బోధ.

మా ఇంట్లో ఆ పిడికెడు ఎంతో తూచి చూశాం. మా ఇంటామె పిడికిలికి దాదాపు 40 గ్రాములు వచ్చింది. రోజుకు రెండు వంటలంటే 80 గ్రాములు. నెలకు 2 కిలోల 400 గ్రాములు. ఏడాదికి 29 కిలోలు. ఒక్క పూటలో చూస్తే అది ఎవరి కంచంలోనూ కనబడేంత తగ్గింపు కాదు. నెల చివర మిగిలినదాంట్లో ఇవ్వాలంటే ఆ ఇంటినుంచి ఒక్క కిలో కూడా వచ్చేది కాదు. దాని కిటుకంతా ఇందులోనే ఉంది. పెద్ద మొత్తం చివర్లో తీయడం పేదవానికి చేతకాదు. చిన్న మొత్తం మొదట్లో తీయడం చేతనవుతుంది. ఇది కానుకకే కాదు, పొదుపుకూ వర్తించే సత్యం.

ఇంకో సంగతి. ఆ పిడికెడు ఎవరి చేతిలోది? ఇల్లాలి చేతిది. కూలీ డబ్బు భర్త చేతికి వచ్చి, ఇంటికి చేరేలోగా కల్లుపాకలో సగం అయిపోయే రోజుల్లో, ఇంట్లో ఆడమనిషి తానై నిర్ణయించి, తానై తీసి, తానై లెక్క ఉంచిన మొదటి పద్దు బహుశా అదే. పొయ్యి ముందు ఆమె కొలిచేటప్పుడే, ఇంకా ఎన్ని రోజుల గింజలున్నాయో ఆమెకు తెలిసేది. మగవారి విషయంలో బిషప్పు గారు తాగుడు మీద కఠినంగా ఉండేవారు. ఇవ్వడానికేమీ లేదన్న ఇంట్లో తాగడానికి ఎంత పోతోందో చూడక తప్పదు. తాగుడు మానిన ఇంట్లో కుండలో గింజలు మిగిలాయి, పిల్లవాడి ఒంటికి చొక్కా వచ్చింది, పలక వచ్చింది.

అన్బు అజరయ్యమ్మ గారి పని ఇక్కడ మరువరానిది. డోర్నకల్‌లో సువార్తికులుగా, గురువులుగా తర్ఫీదు పొందే విద్యార్థులు భార్యాపిల్లలతో సహా వచ్చి ఉండేవారు. భర్తలతో పాటు భార్యలకూ చదువు చెప్పేవారు. ఆ స్త్రీల బాధ్యతను ఆమె భుజాన వేసుకున్నారు. చదవడం, రాయడం, పిల్లల పెంపకం, శుభ్రం, ఇల్లు నడపడం వంటివన్నీ పాఠాలే. ఆ విద్యార్థులు చదువుతో పాటు చేతిపనీ, సేద్యమూ చేసేవారు. గురువు భార్య పల్లెకు వెళితే, ఆమె ఇల్లు చూసి పదిళ్లు నేర్చుకుంటాయని వారికి తెలుసు. కొద్ది జీతంతో ఎలా బతకాలో ప్రసంగపీఠం మీద చెబితే సరిపోదు. గురువు ఇంటి పొయ్యి దగ్గర కనబడాలి.

డోర్నకల్‌లో కెథడ్రల్ కట్టిన తీరు కూడా ఒక ఇంటి లెక్కలాంటిదే. విదేశాల్లో నమూనా తెచ్చి, అప్పు చేసి, రెండేళ్లలో కట్టేసింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ధరలు పెరిగాయి, డబ్బు చాలలేదు. పని ఆగింది, సాగింది, మళ్లీ ఆగింది. ఏళ్ల తరబడి అలా నడిచి, 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠ జరిగింది. గుడిలా, మసీదులా, చర్చిలా మూడు పోలికలూ కలిసిన ఆ కట్టడం ఈనాటికీ నిలిచి ఉంది. అప్పటికి ఆ మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన ఉపమానం లూకా 14వ అధ్యాయంలో ఉంది. బిషప్పు గారు దాన్ని రాళ్లతో చూపించారు. ఇల్లు కట్టడానికి పూనుకున్న మన విశ్వాసులు, గుడి కట్టడానికి పూనుకున్న మన సంఘాలు రెండూ ఆ మెట్ల మీద కాసేపు కూర్చుని రావడం మంచిది.

1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. తాను కట్టించిన ఆ కెథడ్రల్ ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. సంఘాల ఐక్యత కోసం ఆయన ఏళ్లపాటు పాటుపడ్డారు. ఆ ఫలం దక్షిణ ఇండియా సంఘంగా 1947 సెప్టెంబరు 27న వచ్చింది. అది చూడడానికి ఆయన లేరు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వస్తాను. దాటవేస్తే ఆ తల్లి ఎదుట మళ్లీ మూగవాణ్ణవుతాను. కడుపునిండా లేనివారిని ఇవ్వమనడం న్యాయమా?

ఈ ప్రశ్నకు సులువైన జవాబు చెప్పేవారిని నమ్మకండి. పిడికెడు బియ్యం వల్ల డోర్నకల్ కూలీల దరిద్రం తీరిపోలేదు. భూమి వారి చేతికి రాలేదు, కూలీ రేట్లు పెరగలేదు. పది రూపాయలు వేస్తే వంద వస్తాయనే బేరం సువార్త కాదు. కాని ఆ పద్ధతిలో మూడు జాగ్రత్తలున్నాయని నాకు అర్థమైంది. మొదటిది, ఉన్నదాంట్లోంచే ఇచ్చారు. కుండలో గింజ ఉంటేనే పిడికెడు. అప్పు తెచ్చి కానుక వేయడానికి అందులో చోటే లేదు. రెండోది, ఇచ్చింది ఎటు పోయిందో వారి కళ్లముందే ఉంది. ఆ గింజలు తమ పిల్లలకు అక్షరాలు చెప్పే పంతులుకు, తమ జబ్బు మనిషి మంచం పక్కన ప్రార్థించే గురువుకు తిండి అయ్యాయి. మూడోది, అందరిదీ పిడికెడే. ఆ కుండల్లోని గింజలన్నీ ఒక్క రాశిలో కలిశాక ఎవరిది ఎక్కువో ఎవరిది తక్కువో తెలియదు. పేర్లు చదివే మైకు అక్కడ లేదు.

సారెపతు విధవరాలి దగ్గర ఏలీయా మొదటి అప్పం అడిగాడని మనం ప్రసంగిస్తాం. ఆ తరువాత ఆ ప్రవక్త ఆమె ఇంట్లోనే ఉండిపోయాడని, ఆమె కొడుకు చనిపోయినప్పుడు ఆ పిల్లవాణ్ణి తన చేతుల్లోకి తీసుకొని మొరపెట్టాడని అంత గట్టిగా చెప్పం. మొదటి అప్పం అడిగే సంఘానికి, పిండి అయిపోయిన రోజున ఆ ఇంట్లో ఉండవలసిన బాధ్యత కూడా ఉంది.

కాబట్టి మా సంఘంలో చేసిన మార్పులు మీకూ చెబుతున్నాను. మీకు తగినవి తీసుకోండి.

పేర్లు చదవడం మానేశాం. నెలకొకసారి సంఘం ఆదాయం ఎంత, ఖర్చు దేనికి ఎంత అన్నది గోడకు అంటిస్తున్నాం. ఇంటి లెక్క రాయమని చెప్పేవారు ముందు గుడి లెక్క చూపాలి. గుడి గది మూలలో ఒక డబ్బా పెట్టాం. పిడికెడు తేగలిగినవారు అందులో పోస్తారు. ఆ వారం కూలీ దొరకని ఇల్లు, అందులోంచి తీసుకుపోతుంది. ఎవరు పోశారో, ఎవరు తీశారో అడిగేవారు లేరు.

ఇళ్లకు నేను చెప్పేది ఇది. పద్దు రాయండి. పెద్ద పుస్తకం అక్కరలేదు, పాత నోటుపుస్తకం చాలు. భార్యాభర్తలిద్దరూ వారానికి ఒక్కసారి, కిస్తు కట్టే రోజుకు ముందు రాత్రి, కలిసి కూర్చుని చూడండి. ఒకరికి తెలియని అప్పు ఇంకొకరికి ఉండకూడదు. చాలా ఇళ్లలో గొడవ డబ్బు లేకపోవడం వల్ల కాదు, దాచిన అప్పు బయటపడడం వల్ల మొదలవుతుంది. అప్పులన్నీ ఒక పేజీలో వడ్డీతో సహా రాసి, ఎక్కువ వడ్డీదాన్ని ముందు తీర్చండి. నూటికి రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి అది 24 రూపాయలు. మూడు రూపాయలైతే 36. పాత కిస్తు కట్టడానికి కొత్త కిస్తు అప్పు తీసుకోకండి. పనులున్న నెలల్లో, పనులు లేని నెలకోసం ఒక పిడికెడు పక్కన పెట్టండి. పొదుపు సంఘంలో ఉన్నవారు ఆ అప్పును చీరలకూ, విందులకూ కాక, ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి వాడుకోండి. ప్రొద్దుటూరు అంగట్లో ఇల్లాలి మెడలోది కుదువ పెట్టి పెళ్లి భోజనాలు పెట్టకండి. మగపిల్లవాడి తల్లిదండ్రులారా, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. అజరయ్య గారిని గౌరవించాలంటే ఆయన ఫొటోకు దండ వేయనక్కరలేదు, కట్నం వద్దనండి. ఒక్క మాటతో ఇంకొకరి ఇంటి లెక్కను ఇరవై ఏళ్లు నిలబెట్టగలరు.

మళ్లీ ఆ తల్లి దగ్గరికి వెళ్లాను. ముందు క్షమాపణ అడిగాను. పెద్దవాళ్లు క్షమాపణ అడిగితే మన వైపు ఆడవాళ్లు ఎలా ఇబ్బంది పడతారో మీకు తెలుసు, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వద్దయ్యగారూ అంది. తరువాత ఆమె ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెప్పాను. కానుక పద్దు గీతకు పైనే రాయమ్మా. కాని డబ్బుగా కాదు, పిడికెడుగా రాయి. కుండలో గింజ లేనినాడు సున్నా రాయి, దేవుడు ఆ సున్నాను చదవగలడు. ఆనాడు నీవు తేవలసింది కాదు, మేము తేవలసింది అని కూడా చెప్పాను.

ఆ ఇంటి అప్పులు తీరిపోయాయని చెప్పడానికి లేదు. పొదుపు సంఘం అప్పుతో 60,000 వడ్డీ అప్పు తీర్చేశారు. అక్కడ వడ్డీ చాలా తక్కువ గనుక నెలనెలా కొంత ఊపిరి ఆడుతోంది. నెల కిస్తు ఇంకా ఏడు నెలలుంది. భర్త బేల్దారి పని లేని వారం గుడి డబ్బాలోంచి రెండుసార్లు బియ్యం తీసుకెళ్లారని నాకు తెలుసు, నేను చూడనట్టే ఉన్నాను. పోయిన ఆదివారం ఆమె స్టీలు టిఫిను గిన్నెలో బియ్యం తెచ్చి, డబ్బాలో పోసి, గిన్నె కొంగులో చుట్టుకొని ఆడవాళ్ల వరుసలో కూర్చుంది.

రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూశాడని మార్కు సువార్త చెబుతుంది. ఆమె ఎంత వేసిందో మాత్రమే కాదు, ఆమెకు ఇంకేమీ మిగలలేదన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. మన సంఘాలు ఆ రెండోది కూడా చూడగలిగే కళ్లు పొందును గాక. మన ఇళ్లలో ప్రతి పద్దూ ఆయన ఎదుట సిగ్గులేకుండా తెరిచి చూపగలిగే పద్దు అవును గాక. ఆమేన్.